ఏకాదశి రోజున పోయిన జ్ఞాపకం: ఒక అమ్మమ్మ కేసు

నా ప్రాక్టీసు హైదరాబాదులో, కూకట్‌పల్లి వైపు. ఎక్కువగా అరవై దాటినవాళ్ళనే చూస్తాను. వాళ్ళలో చాలామంది ఈ ఊరివాళ్ళు కారు. గుంటూరు, కృష్ణా, ఖమ్మం, నల్గొండ పల్లెల నుంచి మనవణ్ణో మనవరాలినో చూసుకోవడానికి రెండు నెలలకని వచ్చి, ఏళ్ళ తరబడి అపార్ట్‌మెంట్లలో ఉండిపోయినవాళ్ళు. అలాంటి ఒక అమ్మమ్మ కేసు ఇది. కుటుంబం అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

ఆవిడకి 68 ఏళ్ళు. తెనాలి దగ్గర పల్లె. ఏడో తరగతి దాకా చదువుకున్నారు. శాకాహారి. బీపీ చాలాకాలంగా ఉంది, షుగరు వచ్చి 11 ఏళ్ళు. కూతురి పురుడు ఊళ్ళోనే పోసి, ఐదో నెలలో తల్లీబిడ్డల్ని దింపి వద్దామని హైదరాబాదు వచ్చారు. అప్పటికే కూతురి సెలవు అయిపోవచ్చింది. ఆవిడ తిరిగి వెళ్ళలేదు. తొమ్మిదేళ్ళయింది. భర్త మాత్రం ఊళ్ళోనే ఉన్నారు. ఎకరంన్నర పొలం, పసుపు, అరటి.

మొదట కూతురు ఒక్కతే లోపలికి వచ్చి తలుపు వేసింది. "అమ్మకి అల్జీమర్స్ మొదలైందేమో డాక్టర్" అని ఏడ్చేసింది. రెండు నెలల్లో జరిగిన మూడు సంఘటనలు ఫోన్‌లో తారీకులతో సహా రాసుకొచ్చింది. ఒక మధ్యాహ్నం స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోతే గిన్నె మాడిపోయింది. పొగ చూసి పక్క ఫ్లాటువాళ్ళు ఎంతసేపు తలుపు కొట్టినా ఆవిడ పలకలేదు. ఇంకోరోజు సాయంత్రం గుడి నుంచి వస్తూ దారి తప్పి, రెండు వీధుల అవతల మందుల షాపు ముందు నిలబడిపోయారు. మూడోది వీళ్ళని నిజంగా భయపెట్టింది. మూడున్నరకి స్కూలు బస్సు గేటు దగ్గర ఆగితే అమ్మమ్మ లేదు. బాబు బడికి వెళ్తున్న ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా అలా జరగలేదు. వాచ్‌మన్ బాబుని తన కుర్చీలో కూర్చోబెట్టి, పైకెళ్ళి బెల్లు కొట్టి కొట్టి దిగివచ్చి కూతురికి ఫోన్ చేశాడు. ఆమె ఆఫీసు నుంచి పరుగున వచ్చి, తన దగ్గరున్న తాళంతో తలుపు తీస్తే, అమ్మ సోఫాలో చెమటలతో పడుకుని ఉన్నారు. కుదిపి లేపితే "తెల్లారిందా?" అన్నారట.

ఇవి కాక, అడిగిందే అడుగుతుంది, పిలిస్తే పట్టించుకోదు, రాత్రిళ్ళు నిద్రపోదు, బాబుతో కూడా మాటలు తగ్గించేసింది అని కూతురు చెప్పింది. నాకైతే ఆమె పరిస్థితి చూస్తే జాలేసింది. ఉద్యోగం, బిడ్డ, తల్లి, మూడూ ఒక్కసారే చేతుల్లోంచి జారిపోతున్నట్టు ఉంది ఆమెకి.

పెద్దావిడ లోపలికి వచ్చారు. ఉతికిన నేత చీర, నుదుటిన పెద్ద బొట్టు, చేతిలో గుడ్డసంచి. జ్ఞాపకశక్తికి మేం వాడే 30 మార్కుల పరీక్ష ఒకటుంది. అందులో మొదట అడిగేది తారీకు. "ఈ రోజు తారీకు ఎంతమ్మా?" అన్నాను.

"తారీకు తెలవదు డాక్టరమ్మా. ఇయ్యాళ దశమి. రేపు ఏకాదశి."

గోడ మీద తెలుగు క్యాలెండర్ చూశాను. నిజమే. కానీ పరీక్ష కాగితంలో తిథికి మార్కులు లేవు. సున్నా వేశాను. తర్వాత మూడు మాటలు చెప్పి తిరిగి చెప్పమన్నాను: గుర్రం, రూపాయి, నారింజ. "గుర్రం, సిపాయి" అని ఆగిపోయారు. ఐదు నిమిషాల తర్వాత మళ్ళీ అడిగితే గుర్రం ఒక్కటే మిగిలింది. అదే వంద నుంచి ఏడు తీసేస్తూ పొమ్మంటే మాత్రం 93, 86, 79, 72, 65 అని తడుముకోకుండా చెప్పేశారు. మొత్తం 21 వచ్చాయి. ఆ చదువుకి, ఆ వయసుకి అది తక్కువే.

ఆ రోజు నేను రెండు తప్పులు చేశాను. ఏకాదశి అన్న మాట విని వదిలేశాను. వెళ్ళేటప్పుడు, "రేపు పొద్దున రక్తపరీక్షలకి ఏమీ తినకుండా రండి" అని చెప్పి, షుగరు మాత్ర సంగతి చెప్పలేదు.

రెండో రోజు

కూతురికి పొద్దున్నే ఆఫీసు మీటింగ్ ఉండి, వాళ్ళు వచ్చేసరికి పదిన్నర దాటింది. వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టిన కాసేపటికి మా నర్సు పరుగున వచ్చి పిలిచింది. వెళ్ళి చూస్తే ఆవిడ కుర్చీలో ఒకవైపు ఒరిగి ఉన్నారు. పై పెదవి మీద చెమట, చేతివేళ్ళు సన్నగా వణుకుతున్నాయి, కళ్ళు తెరిచే ఉన్నాయి. పేరు పెట్టి పిలిస్తే నావైపు చూశారు కానీ నేనెవరో తెలిసినట్టు లేదు. పక్కన కూతురు "ఇదిగో డాక్టర్, ఇలాగే అవుతోంది, ఇదే" అంటోంది.

వేలికొనన చుక్క రక్తం తీసి మీటర్లో పెడితే 54. షుగరు 70 కంటే తగ్గిందంటేనే తక్కువ కింద లెక్క. మింగగలుగుతున్నారని చూసుకుని, మూడు చెంచాల పంచదార గ్లాసు నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా తాగించాం. పదిహేను నిమిషాలకి 86 వచ్చింది. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని, చేతిలో ఖాళీ గ్లాసు చూసుకుని, "అయ్యో, ఏకాదశి కదమ్మా, ఎవరిచ్చారు?" అన్నారు.

అక్కడితో కేసు తిరగబడింది. పొద్దున ఏడింటికి, అల్లుడు కాఫీ కలిపేటప్పుడు, ఆవిడ షుగరు మాత్రలు వేసేసుకుంటారు. డాక్టరు పొద్దున్నే వేసుకోమన్నారు కాబట్టి రోజూ అంతే. వాటిలో ఒకటి గ్లిమెపిరైడ్. ఒంట్లో ఇన్సులిన్‌ని బలవంతాన విడుదల చేయించే మందు అది. కడుపులో తిండి ఉన్నా లేకపోయినా దాని పని అది చేసుకుపోతుంది, రోజంతా చేస్తుంది. మామూలు రోజుల్లో అందర్నీ పంపించి, దీపం పెట్టుకుని, టిఫిన్ చేసేసరికి పదిన్నర. ఏకాదశికైతే సాయంత్రం దాకా మంచినీళ్ళే. కూతురి ఫోన్‌లోని తారీకులు పంచాంగంతో సరిచూశాం. పాలు మాడిన రోజు ఏకాదశి. బస్సు రోజు ఏకాదశి. గుడి దగ్గర దారి తప్పింది మాత్రం తదియ నాడు. దానికి కారణం ఈ రోజుకీ నాకు తేలలేదు.

గ్లిమెపిరైడ్ అప్పటికప్పుడు ఆపేశాను. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.3 ఉంది. కుర్రవాళ్ళకైతే శభాష్ అంటాం. కానీ షుగరు పడిపోయే మందులు వాడుతున్న పెద్దవాళ్ళలో ఈ అంకె చూసి సంతోషించకూడదు, అనుమానించాలి. పెద్దవాళ్ళలో షుగరు పడిపోతే అందరూ చెప్పే గుండెదడ, ఆకలి అంతగా తెలియకపోవచ్చు. తికమక, మత్తు, మాట తడబాటు, అర్థంలేని కోపం, ఇవే ముందు కనిపిస్తాయి. చూసేవాళ్ళకి అది మతిమరుపులాగే ఉంటుంది.

ఆ తర్వాత గుడ్డసంచి బల్ల మీద బోర్లించమన్నాను. పదకొండు రకాల స్ట్రిప్పులు. ఇందులో నేను ఆగింది రెండింటి దగ్గర. అరికాళ్ళ మంటలకని ఎవరో రాసిన అమిట్రిప్టిలిన్, మందుల షాపులో కొనుక్కుని నిద్ర కోసం రోజూ రాత్రి వేసుకుంటున్న జలుబు మాత్ర. రెండూ నోరు ఎండగొట్టి, జ్ఞాపకాన్ని మసకబార్చే రకమే. జలుబు మాత్ర వెంటనే మాన్పించాను, అమిట్రిప్టిలిన్ నెమ్మదిగా తగ్గిస్తూ ఆపాను. పరీక్షల్లో బీ12 138 వచ్చింది, 200 అయినా ఉండాలి. శాకాహారం, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ అనే రెండో షుగరు మాత్ర, దానికి తోడు రోజూ గ్యాస్ మాత్ర. ఈ మూడూ కలిస్తే బీ12 పడిపోవడంలో వింతేమీ లేదు. ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. థైరాయిడ్, సోడియం బాగానే ఉన్నాయి.

చెవుల సంగతి ఆఖరున తేలింది. నిజానికి మొదట చూడాల్సింది అదే. రెండు చెవులకీ 50 డెసిబెల్స్ దగ్గర వినికిడి పోయింది, సన్నని శబ్దాల్లో ఇంకా ఎక్కువ. రూపాయి సిపాయి అయింది అందుకే. మాట చెవిలోనే సరిగ్గా పడనప్పుడు అది మనసులో నిలవలేదని మార్కులు తీసేయడం న్యాయం కాదు. వినికిడి లోపాన్ని పట్టించుకోకపోతే డిమెన్షియా, అంటే అల్జీమర్స్‌లాంటి మతిమరుపు జబ్బుల ముప్పు కూడా పెరుగుతుంది. ఈ జబ్బు మీద లాన్సెట్ అనే వైద్యపత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో ఇచ్చిన నివేదికలో, మన చేతుల్లో ఉన్న 14 కారణాల్లో అదీ ఒకటి. కళ్ళజోడు పెట్టుకోవడానికి సిగ్గుపడని మనం చెవికి మిషను అనేసరికి ఎందుకు వద్దంటామో నాకు ఎన్నేళ్ళయినా బాధగానే ఉంటుంది.

మిషన్లు జత 42,000 రూపాయలు పడ్డాయి. వారం తిరక్కుండానే ఆవిడ వాటిని తీసి పోపుల పెట్టెలో దాచేశారు. కుక్కరు విజిల్ చెవిలో మేకు దిగినట్టుందట. ఆడియాలజిస్టు సౌండు తగ్గించి, రోజుకి రెండు గంటల నుంచి మొదలుపెట్టించారు. వాటిని చూసుకునే పని బాబుకి అప్పగించమన్నాను. బ్యాటరీ వెనక స్టిక్కర్ పీకాక ఒక్క నిమిషం గాలి తగలనిచ్చి అప్పుడు లోపల పెట్టాలని వాడు మొదటిరోజే నేర్చేసుకున్నాడు.

ఆరు వారాల తర్వాత

అదే పరీక్షలో ఈసారి 27 వచ్చాయి. కూతురి మొహం వెలిగిపోయింది. నాకు మాత్రం తృప్తి లేదు. పెద్దవాళ్ళలో డిప్రెషన్ చూడటానికి 15 ప్రశ్నల పట్టిక ఉంది, ఐదు దాటితే ఆలోచించాలి. మొదటి వారంలో ఆవిడకి 10 వచ్చింది. షుగరు సరిపడి, చెవులు వినపడి, నిద్ర కాస్త మెరుగయ్యాక కూడా 8 దగ్గరే ఉంది. బతుకు ఖాళీగా అనిపిస్తోందా అన్న ప్రశ్నకి ఆవిడ జవాబు చెప్పకుండా కిటికీ వైపు చూశారు.

కూతుర్ని బయట కూర్చోమని, ఒంటరిగా అరగంట మాట్లాడాను. పెద్దవాళ్ళని వాళ్ళ పిల్లలు లేకుండా కనీసం ఒక్కసారైనా మాట్లాడించాలన్నది నేను గట్టిగా పాటించే నియమం. మీ రోజు ఎలా గడుస్తుందో చెప్పండి అన్నాను. నాలుగున్నరకి లేవడం, మూడు బాక్సులు కట్టడం, బస్సు, పూజ, టిఫిన్, బట్టలు. పదకొండు నుంచి మూడు దాకా ఏం చెప్పాలో ఆవిడకి తోచలేదు. "టీవీ పెట్టుకుంటా. ఇనపడక ఊరికే బొమ్మలు చూస్తా" అన్నారు. అపార్ట్‌మెంటులో ఆవిడ ఈడువాళ్ళు నలుగురు కింద పార్కులో కూర్చుంటారు. వాళ్ళ మాట వినపడక, మళ్ళీ మళ్ళీ అడగలేక, రెండేళ్ళ నుంచి వెళ్ళడం మానేశారు.

తర్వాత బాబు గురించి చెప్పారు.

"చిన్నప్పుడు నేను కనపడకపోతే గుక్క పట్టేవాడు. ఇప్పుడు బస్సు దిగి లిఫ్టు దాకే నా చెయ్యి పట్టుకుంటాడు, అది కూడా నేను పట్టుకుంటేనే. తప్పేం లేదు, మొగపిల్లోడు, పెద్దోడవుతున్నాడు. నాకిక్కడ పనైపోయింది డాక్టరమ్మా. ఆ మాట మా అమ్మాయితో ఎట్టా అనను? పెట్టుపోతల్లో లోపం చేసిందనుకుని బాధపడుద్ది."

"మీవారు?"

"ఆయన పొద్దున వండిందే రాత్రికి తింటారు. ఫోన్‌లో అడిగితే తిన్నా తిన్నా అంటారు. ఏం తిన్నారో చెప్పరు."

ఆ తర్వాత కాసేపు పసుపు వండే రోజుల గురించి మాట్లాడారు. తవ్వకాలయ్యాక ఆ పది రోజులూ ఊరంతా ఒకటే వాసన అని, కూలీలకి తనే చద్దన్నాలు కట్టేదాన్నని, కొమ్ములు ఆరాక బస్తాలు దుగ్గిరాల యార్డుకి వెళ్తుంటే గుమ్మంలో నిలబడి లెక్కపెట్టేదాన్నని. తొమ్మిదేళ్ళుగా ఆ లెక్క ఎవరు చూస్తున్నారో తనకి తెలియదన్నారు. ఆ పది నిమిషాల్లో ఒక్కసారి కూడా మాట కోసం తడుముకోలేదు.

ఒక మాట చెప్పాలి. మనవల్ని పెంచడం ప్రేమతో చేసేదే, ఎవరూ కాదనరు. కానీ అది పని కూడా. తెల్లవారుజామున మొదలై రాత్రి తొమ్మిదికి ముగిసే పని, ఆదివారం లేని పని. దాన్ని ప్రేమ అనుకుంటాం కాబట్టి ఎన్నాళ్ళు చేయాలి, ఎప్పుడు ఆగాలి అని మన ఇళ్ళలో ఎవరూ నోరు విప్పి మాట్లాడుకోరు. బిడ్డ చంకలో ఉన్నన్నాళ్ళూ అమ్మమ్మకి తన విలువ తెలుస్తూనే ఉంటుంది. బిడ్డ తన షూ తాను కట్టుకునే రోజు వచ్చాక, ఇంట్లో ఆవిడ స్థానం ఏమిటో ఆవిడకే తెలియదు. ఊరికి వెళ్దామంటే అక్కడి ఇరుగుపొరుగు అలవాటు తప్పిపోయింది, ఇక్కడ కొత్తగా ఎవరూ కుదరలేదు. నేను చూసే అమ్మమ్మల్లో ఈ దిగులు చాలా ఎక్కువ. నానమ్మల్లోనూ తాతయ్యల్లోనూ లేదని కాదు, వాళ్ళు ఇంకా తక్కువ చెబుతారు.

చిన్న డోసులో డిప్రెషన్ మందు కూడా మొదలుపెట్టాను. ఈ వయసులో అది సోడియం తగ్గించవచ్చు కాబట్టి రెండు వారాలకి మళ్ళీ రక్తం చూశాం. అయితే ఈ దిగులు మాత్రతో పూర్తిగా పోయేది కాదని నాకు అప్పటికే అనిపించింది. ఊరి నుంచి పెద్దాయన్ని కూడా పిలిపించమన్నాను.

అందరూ కూర్చున్న రోజు

74 ఏళ్ళ మనిషి, రాత్రి రైలెక్కి, నా కోసం చక్రకేళీ అత్తం ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చారు. చొక్కా భుజాల దగ్గర జారిపోతోంది. మాట మొదలుపెట్టే ముందు ఆయన్ని తూకం మిషను ఎక్కమన్నాను. 49 కిలోలు. కిందటేడు సంక్రాంతికి ఊళ్ళో కంటి క్యాంపులో చూస్తే 56 అని ఆయనే చెప్పారు. పెద్దావిడ ఆ అంకె వంక చూసి చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

కూతురు తేలిగ్గా ఒప్పుకోలేదు. "అమ్మ నా కళ్ళ ముందుంటేనే కదా నేను చూసుకోగలిగేది? ఊళ్ళో షుగరు పడిపోతే ఎవరు చూస్తారు?" అంది. అది న్యాయమైన భయమే. గ్లిమెపిరైడ్ ఆపాక మిగిలిన మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంటే షుగరు అలా పడిపోదని వివరించాను. అప్పటిదాకా మౌనంగా ఉన్న అల్లుడు వేళ్ళ మీద లెక్క వేస్తున్నాడు. "మూడున్నర నుంచి ఆరున్నర. మనకి కావాల్సింది మూడు గంటలు. ఈ మూడు గంటల కోసం అత్తయ్యగారినీ మామయ్యగారినీ చెరో ఊళ్ళో ఉంచేశాం" అన్నాడు. కూతురికి ఆ మాట గుచ్చుకుంది, నాకు తెలుస్తూనే ఉంది. ఆ రోజు ఏమీ తేల్చుకోకుండానే లేచి వెళ్ళిపోయారు.

రెండు వారాల తర్వాత ఫోన్ చేశారు. బాబుకి వాళ్ళ అపార్ట్‌మెంటులోనే ఒకావిడ నడిపే డేకేర్, వారానికి రెండు రోజులు అల్లుడు ఇంటి నుంచే పని. పెద్దావిడ సంక్రాంతికి ఊరెళ్ళి, పసుపు పని అయ్యేదాకా అక్కడే ఉంటారు. ఎండాకాలం సెలవులకి బాబు ఊరికి వెళ్తాడు. వానాకాలంలో ఇద్దరూ కలిసి హైదరాబాదు వచ్చి రెండు నెలలు ఉంటారు. పెద్దాయన ఒంటరిగా మాత్రం ఇక ఉండరు. ఆయన బరువు తగ్గడానికి వేరే జబ్బేమీ లేదని పరీక్షల్లో చూసుకున్నాను. పళ్ళు లేక, వండుకునే ఓపిక లేక తిండి తగ్గించేశారంతే.

ఉపవాసం మానమని నేను చెప్పలేదు. నలభై ఏళ్ళ నుంచి చేస్తున్న ఏకాదశి అది, ఆవిడ రోజులకి అదే గుర్తు. పళ్ళు, పాలు మధ్యాహ్నం కూడా తీసుకోవాలని, ఒంట్లో బాగాలేని రోజు ఉపవాసం వద్దని ఒప్పించాను. ఈ కేసు తర్వాత నా దగ్గరికి వచ్చే షుగరు పేషెంట్లందరినీ మాత్ర ఎన్నింటికి, తిండి ఎన్నింటికి, ఏ వారాలు, ఏ తిథులు ఒక్కపొద్దు ఉంటారు అని మొదటిరోజే అడుగుతున్నాను. రంజాన్ ఉపవాసాల గురించి ఎప్పటి నుంచో అడిగే అలవాటుంది. మా ఇంట్లోనే మా అమ్మ శనివారాలు ఉంటుంది, అయినా ఈ ప్రశ్న నాకు తట్టకపోవడం ఇప్పటికీ బాధగా ఉంది.

ఏడాది తర్వాత లెక్కలు ఇవి. జ్ఞాపకశక్తి పరీక్షలో 28. డిప్రెషన్ పట్టికలో 4, మందు తగ్గిస్తున్నాం. హెచ్‌బీఏ1సీ 7.3, ఈ వయసుకి నాకది చాలు. అరికాళ్ళ మంటలు సగమే తగ్గాయి. ముందుముందు అల్జీమర్స్ రాదని నేను హామీ ఇవ్వలేదు, ఏటా ఒకసారి పరీక్ష చేస్తానన్నాను. పెద్దాయన 53 కిలోలకి వచ్చారు. కూతురు మాత్రం ఇంకా పూర్తిగా తేరుకోలేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళి తాళం తనే తీసుకోవడం కష్టంగా ఉందని ఒకరోజు నాతో అంది. ఏం చెప్పాలో నాకు తెలియలేదు, కూర్చుని విన్నాను.

మొన్న జనవరి మొదటివారంలో ఊరికి బయల్దేరే ముందు మందుల కోసం వచ్చారు. బాబు కూడా వచ్చాడు. నేను ప్రిస్క్రిప్షన్ రాస్తుంటే వాడు బల్ల అంచున బ్యాటరీ కార్డులు పేర్చుకుంటున్నాడు.

"అమ్మమ్మా, రెండు చెవులకి వారానికి రెండు. మూడు నెలలంటే పదమూడు వారాలు. ఇరవయ్యారు కావాలి. కార్డుకి ఆరుంటాయి, ఐదు కార్డులు పెడుతున్నా. నాలుగు మిగుల్తాయి, పారెయ్యకు, నేనొచ్చాక వాడదాం."

"ఇనపడింది లేరా, మెల్లగా చెప్పు" అన్నారు ఆవిడ.